హెన్రీ కావెండిష్: మాటల కన్నా కొలతలే దగ్గరైన శాస్త్రవేత్త

జంషెడ్‌పూర్: టాటా స్టీల్ సంస్థ 2023 ఏప్రిల్‌లో జంషెడ్‌పూర్ కర్మాగారంలోని ఈ-బ్లాస్ట్ ఫర్నేస్‌లోకి భారీగా హైడ్రోజన్ వాయువును పంపే ప్రయోగాత్మక పరీక్షను ప్రారంభించింది. కోక్ వాడకాన్ని, దానితో పాటు వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించడం ఆ పరీక్ష ఉద్దేశం. తరతరాలుగా ఎన్నో తెలుగు కుటుంబాలకు కూడా ఉపాధినిచ్చిన ఆ ఉక్కు నగరంలో ఇనుముకు తోడుగా వచ్చిన ఈ వాయువును ఒక ప్రత్యేక పదార్థంగా గుర్తించి, ఎంత తేలికైనదో తూచి చెప్పినవారు ఇంగ్లండ్ శాస్త్రవేత్త హెన్రీ కావెండిష్. 1766లో ఆయన దాన్ని పుట్టించింది కూడా ఇనుము, జింకు, తగరం వంటి లోహాలపై ఆమ్లం పోసే.

పాఠ్యపుస్తకాలు కావెండిష్‌ను హైడ్రోజన్‌తోనూ, భూమిని తూచిన ప్రయోగంతోనూ పరిచయం చేస్తాయి. ప్రకృతిని అంతటి ఖచ్చితత్వంతో కొలిచిన ఆ వ్యక్తి, కొత్త మనిషి ఎదురైతే నోట మాట రాక పక్కకు తప్పుకునేవారన్న సంగతి మాత్రం తక్కువ మందికి తెలుసు. గత పాతికేళ్లుగా ఆటిజంపై జరిగే చర్చల్లో ఆయన పేరు తరచూ వినిపించడానికి కారణం అదే. ఎంచుకున్న విషయంపై గాఢమైన ఆసక్తి, మాటకు మాట కలపడంలో తీవ్రమైన ఇబ్బంది అనే రెండు లక్షణాలూ ఆయన జీవితంలో మొదటి నుంచి చివరి వరకు పక్కపక్కనే కనిపిస్తాయి.

కావెండిష్ 1731 అక్టోబరు 10న మధ్యధరా తీరంలోని నీస్ నగరంలో జన్మించారు. నేడు ఫ్రాన్స్‌లో ఉన్న ఆ నగరం అప్పట్లో సార్డీనియా రాజ్యానిది. తల్లిదండ్రులిద్దరూ ఇంగ్లండ్‌లోని అగ్రశ్రేణి ప్రభు వంశాలవారు. తండ్రి లార్డ్ చార్లెస్ కావెండిష్ రెండో డెవన్‌షైర్ డ్యూక్ కుమారుడు. తల్లి లేడీ ఆన్ గ్రే కెంట్ డ్యూక్ కుమార్తె. రెండో కుమారుడు ఫ్రెడరిక్ పుట్టిన కొద్దికాలానికే, 1733లో, ఆమె కన్నుమూశారు. తల్లి జ్ఞాపకమే లేకుండా హెన్రీ పెరిగారు. 11వ ఏట హ్యాక్నీలోని పాఠశాలలో చేరారు. 1749లో కేంబ్రిడ్జ్ వెళ్లి 1753లో పట్టా పుచ్చుకోకుండానే తిరిగి వచ్చారు.

అక్కడి నుంచి ఆయన నిజమైన విద్యాభ్యాసం లండన్‌లో తండ్రి ఇంట సాగింది. చార్లెస్ కావెండిష్ రాజకీయాలను విడిచి విజ్ఞానశాస్త్రం వైపు మళ్లిన వ్యక్తి. ఉష్ణమాపకాల రూపకల్పనకు 1757లో రాయల్ సొసైటీ కాప్లీ పతకాన్ని అందుకున్నారు. అటువంటి తండ్రికి మితభాషి అయిన కుమారుడి తీరు వింతగా తోచినట్లు లేదు. ఇద్దరూ ఒకే ఇంట, ఒకే రకమైన పరికరాల మధ్య, ఒకే రకమైన ప్రశ్నలతో 1783లో తండ్రి మరణించే వరకు కలిసి జీవించారు. కుమారుణ్ని 1758 నుంచి రాయల్ సొసైటీ సమావేశాలకు, విందులకు వెంట తీసుకువెళ్లింది కూడా ఆయనే. 1760లో హెన్రీ ఆ సంస్థ సభ్యుడయ్యారు.

వాయువులపై ఆయన తొలి పరిశోధన పత్రాలు 1766లో వెలువడ్డాయి. ఆ ఏడాదే కాప్లీ పతకం లభించింది. లోహంపై ఆమ్లం చర్య జరిపినప్పుడు వచ్చే మండే గాలిని అంతకుముందు కూడా కొందరు చూశారు. అయితే దాన్ని సేకరించి, పరిమాణం కొలిచి, సాంద్రత లెక్కగట్టి, మిగిలిన గాలుల నుంచి వేరుగా నిలబెట్టిన ఘనత కావెండిష్‌దే. ఆయన పద్ధతి మొత్తం ఆ ఒక్క పనిలోనే కనిపిస్తుంది. సిద్ధాంతాలపై వాదన తక్కువ, తూచడం ఎక్కువ. గాలిలో ఆక్సిజన్ పాలు ఎంతో తెలుసుకోవడానికి 1781లో సుమారు 60 రోజుల పాటు గాలి నమూనాలు సేకరించి, దాదాపు 400 సార్లు పరీక్షించారు. ఆయన ఫలితం 20.83 శాతం. నేటి విలువ దాదాపు 20.95 శాతం. ఎండకూ వానకూ, ఊరికీ బయటికీ గాలిలో తేడా ఏమీ లేదని తేల్చడానికి ఇన్నిసార్లు అదే పని చేయగల ఓపిక సామాన్యులకు ఉండదు. కావెండిష్‌కు అది ఓపిక కూడా కాదు, ఇష్టం.

ఆయనను పూర్తి ఏకాంతవాసిగా చిత్రించడం రివాజుగా మారింది. వాస్తవం కొంత వేరు. రాయల్ సొసైటీ సభ్యుల గురువారపు విందుకు ఆయన దశాబ్దాల పాటు దాదాపు తప్పకుండా హాజరయ్యారు. సంస్థ పాలక మండలిలో, ఎన్నో సంఘాల్లో పనిచేశారు. పర్‌ఫ్లీట్‌లోని తుపాకీ మందు గిడ్డంగులకు పిడుగుల నుంచి రక్షణ కల్పించే సంఘంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్‌తో కలిసి కూర్చున్నారు. 1773లో బ్రిటిష్ మ్యూజియం ధర్మకర్త అయ్యారు. మనుషులంటే గిట్టనివారు ఇన్ని చోట్లకు వెళ్లరు. మనుషుల మధ్య ఉండాలని ఆయనకు ఉంది. వారితో ఎలా మాట కలపాలో మాత్రం తెలియలేదు.

సర్ జోసెఫ్ బ్యాంక్స్ ఇంట జరిగిన ఒక సాయంకాలపు సమావేశం ఇందుకు ఉదాహరణ. వైద్యుడు ఇంగన్‌హౌజ్ తన వెంట వచ్చిన ఆస్ట్రియా ప్రముఖుణ్ని కావెండిష్‌కు పరిచయం చేశారు. ఆ అతిథి ఆయన కీర్తిని సుదీర్ఘంగా పొగడసాగారు. కావెండిష్ ఒక్క మాటా పలకక నేలచూపులు చూస్తూ నిలబడ్డారు. గుంపులో కాస్త ఖాళీ కనిపించగానే అందులోంచి వడివడిగా బయటపడి, ఆగకుండా తన బండి ఎక్కి ఇంటికి వెళ్లిపోయారు. మరోసారి విందులో కొందరు సభ్యులు కిటికీ దగ్గర గుమికూడటం చూసి, వారంతా చంద్రుణ్ని చూస్తున్నారనుకుని ఉత్సాహంగా ఆయనా వెళ్లారు. వారు చూస్తున్నది ఎదురింటి కిటికీలోని అందమైన యువతినని తెలియగానే విసుగ్గా వెనుదిరిగారు.

ఆయనతో మాట్లాడే కిటుకును సహచరులు క్రమంగా కనిపెట్టారు. ముఖంలోకి చూడకూడదు, నేరుగా ప్రశ్నించకూడదు, ఎదుట ఎవరూ లేనట్లు శూన్యంలోకి విషయాన్ని వదలాలి. అప్పుడు ఆయనే అందుకుంటారని రసాయన శాస్త్రవేత్త విలియం హైడ్ వోలస్టన్ ఇతరులకు సలహా ఇచ్చేవారు. విషయం శాస్త్రానికి సంబంధించినదైతే, సన్నని గొంతుతో తడబడుతూనే అయినా, కావెండిష్ చెప్పే నాలుగు మాటలు గది అంతటిలోకీ విలువైనవిగా ఉండేవి. ఈ సలహాను ఒక వింత మనిషి గురించిన హాస్యోక్తిగా చదివినవారే ఎక్కువ. నిజానికి అందులో పెద్ద మర్యాద ఉంది. మేధావులతో నిండిన ఆ గది ఒక మనిషి కోసం తన మాట్లాడే పద్ధతిని మార్చుకుంది.

అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ 1943లోనూ, వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ 1944లోనూ కొందరు పిల్లల ప్రవర్తనను వర్ణిస్తూ ఆటిజం భావనకు వైద్యశాస్త్రంలో రూపమిచ్చారు. నచ్చిన అంశంపై అంతులేని ఏకాగ్రత, కళ్లలోకి చూడటంలో ఇబ్బంది, సంభాషణలో వంతులవారీగా మాట్లాడటం కష్టం కావడం, అలవాటైన దినచర్య మారితే కలవరపడటం ఆ వర్ణనల్లో ఉన్నాయి. నాడీ వైద్యుడు, రచయిత ఆలివర్ శాక్స్ 2001లో న్యూరాలజీ పత్రికకు రాసిన చిన్న వ్యాసంలో, కావెండిష్‌ది ఆస్పెర్గర్ సిండ్రోమ్‌కు చాలా పాత ఉదాహరణ కావచ్చునని ప్రతిపాదించారు. స్టీవ్ సిల్బర్‌మన్ 2015లో వెలువరించిన ఆటిజం చరిత్ర గ్రంథం కావెండిష్ కథతోనే మొదలవుతుంది. ఆస్పెర్గర్ సిండ్రోమ్ అన్న పేరును అమెరికా మనోవైద్యుల వర్గీకరణ గ్రంథం 2013లోనే తొలగించి, ఆటిజం స్పెక్ట్రమ్ అనే విస్తృత నిర్వచనంలో కలిపింది. భారతదేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా ఆటిజం స్పెక్ట్రమ్‌ను ప్రత్యేకంగా గుర్తించింది.

రెండు శతాబ్దాల కిందట మరణించిన వ్యక్తికి రోగ నిర్ధారణ చేయడంలో ప్రమాదం లేకపోలేదు. కావెండిష్ గురించిన కథల్లో అధిక భాగాన్ని జార్జ్ విల్సన్ ఆయన మరణించిన 40 ఏళ్లకు, 1851లో, సేకరించి ప్రచురించారు. నోటి మాటగా వచ్చిన కథలు నోరు మారినకొద్దీ పెరుగుతాయి. పైగా ఆటిజం ఉన్న ప్రతివారిలోనూ ఒక మేధావి దాగి ఉంటాడన్న అపోహకు ఇటువంటి ఉదాహరణలు ఊతమిస్తాయి. ఆ గాఢమైన ఆసక్తి కొందరిలో రైళ్ల వేళల మీద, కొందరిలో ఫ్యాన్ల మీద, మరికొందరిలో ఒకే కార్టూన్ మీద ఉంటుంది. దాని నుంచి కొత్త వాయువు పుట్టనక్కరలేదు. అయినా కావెండిష్ ఉదాహరణ ఒక విషయంలో పనికొస్తుంది. సంభాషణ కుదరకపోవడం ఒక్కరి లోపం కాదని, ఆటిజం ఉన్నవారిని అర్థం చేసుకోవడంలో మిగిలినవారూ అంతే విఫలమవుతున్నారని, తానూ ఆటిజం ఉన్నవారైన బ్రిటన్ సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో వాదించారు. అదే సంగతిని గురువారపు విందులోని వోలస్టన్ ఆచరణలో ముందే గ్రహించారనుకోవచ్చు.

ఇంట్లో మాత్రం ఆ ఇబ్బందిని కావెండిష్ తన పద్ధతిలోనే పరిష్కరించుకున్నారు. పనివారితో, ముఖ్యంగా స్త్రీలతో, ముఖాముఖి మాట్లాడవలసిన అవసరం రాకుండా భోజనానికి ఏం కావాలో కాగితంపై రాసి హాలులోని బల్లపై పెట్టేవారు. చాలాసార్లు ఆ కాగితం మీద ఉండేది మేక తొడ వంటి మామూలు వంటకం కూడా కాదు, గొర్రె తొడ ఒక్కటే. తాతల నాటి తీరులో కుట్టించిన వెలిసిన ఊదారంగు కోటు, మూడు కోణాల టోపీ ఆయన వేషం. సోహోలోని డీన్ వీధిలో తన పెద్ద గ్రంథాలయాన్ని పండితులకు తెరిచి ఉంచారు. సొంత పుస్తకం తీసుకున్నా అందరిలాగే చిట్టాలో సంతకం చేసేవారు. బంధువుల నుంచి అపారమైన ఆస్తి సంక్రమించింది. ఖాతాలో 80 వేల పౌండ్లు ఊరికే పడి ఉన్నాయని చెప్పడానికి బ్యాంకు ప్రతినిధి వస్తే, ఇలా వచ్చి ఇబ్బంది పెడితే డబ్బు మొత్తం వెనక్కి తీసుకుంటానని చిరాకుపడి పంపించారని విల్సన్ రాశారు.

మాటతో ఒప్పించలేనప్పుడు ఆయన వస్తువుతో ఒప్పించేవారు. టార్పిడో అనే చేప కొట్టే దెబ్బ విద్యుత్తేనా అన్న వివాదం 1770వ దశకంలో సాగింది. కావెండిష్ తోలుతో కృత్రిమ చేపను తయారు చేసి, ఉప్పు నీటిలో ఉంచి, లైడెన్ జాడీల వరుసకు కలిపారు. 1775 మేలో శరీరశాస్త్రవేత్త జాన్ హంటర్, జోసెఫ్ ప్రీస్ట్‌లీ, పరికరాల తయారీదారు ఎడ్వర్డ్ నేర్న్ తదితరులను ఇంటికి పిలిచి ఆ చేపను తాకమన్నారు. ఆయన తన ప్రయోగశాలలోకి అతిథులను పిలిచినట్లు నమోదైన అరుదైన సందర్భమిది. ఉపన్యాసం అక్కరలేకపోయింది.

తండ్రి మరణం నాటికి ఆయనకు మరొక తోడు దొరికింది. వైద్యుడు చార్లెస్ బ్లాగ్డెన్ 1782 నుంచి కొన్నేళ్లు ఆయనకు సహాయకుడిగా, బయటి లోకంతో వారధిగా వ్యవహరించారు. మాటకారి అయిన బ్లాగ్డెన్‌కు ఐరోపా అంతటా పరిచయాలుండేవి. హైడ్రోజన్, ఆక్సిజన్‌ల మిశ్రమాన్ని విద్యుత్ రవ్వతో మండిస్తే శుద్ధమైన నీరు వస్తుందన్న కావెండిష్ ఫలితాన్ని 1783లో పారిస్‌లో లవాయిజర్‌కు చేరవేసింది ఆయనే. నీరు మూలకం కాదని ముందు చెప్పింది కావెండిషా, జేమ్స్ వాటా, లవాయిజరా అన్న తగాదాకు అది బీజం వేసింది. ఆ రచ్చలో కావెండిష్ దాదాపు నోరు మెదపలేదు. 1785లో బ్లాగ్డెన్‌తో కలిసి దేశయాత్రకు బయలుదేరి, ఇనుప కొలుములు చూస్తూ బర్మింగ్‌హామ్ చేరి వాట్‌ను స్నేహపూర్వకంగానే కలిశారు. యంత్రాల గురించి మాట్లాడుకోవలసినది ఉన్నప్పుడు ఆయనకు పాత తగాదా అడ్డు కాలేదు. బ్లాగ్డెన్‌తో సాన్నిహిత్యం తర్వాత సడలినా, వీలునామాలో ఆయనకు 15 వేల పౌండ్లు రాసి వెళ్లారు.

భారతీయ పాఠకులకు ఆసక్తి కలిగించే పని ఒకటి ఆయన రచనల్లో ఉంది. భగవద్గీతను 1785లో ఇంగ్లిష్‌లోకి అనువదించిన చార్లెస్ విల్కిన్స్ వద్ద మూడు హిందూ పంచాంగాలు ఉండేవి. వాటిని కావెండిష్ శ్రద్ధగా పరిశీలించి, తిథులు, చాంద్రమాసాలు, సౌర సంవత్సరం ఎలా లెక్కిస్తారో వివరిస్తూ 1792లో రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసం ప్రచురించారు. సంస్కృతం రాని, ఇండియా చూడని ఆ రసాయన శాస్త్రవేత్తను పంచాంగం వైపు లాగింది మతాసక్తి కాదు. అందులోని లెక్క ఆయనకు తెలిసిన భాషే.

1797లో, 65 ఏళ్లు దాటాక, లండన్ శివారులోని క్లాఫమ్ ఇంటిలో ఆయన అత్యంత ప్రసిద్ధమైన ప్రయోగం మొదలుపెట్టారు. పరికరం ఆలోచన ఆయన మిత్రుడు జాన్ మిచెల్‌ది. 1793లో మిచెల్ మరణించాక అది చేతులు మారి కావెండిష్‌ను చేరింది. సన్నని తీగకు వేలాడే ఆరడుగుల కర్ర, దాని చివరల రెండంగుళాల సీసపు గుండ్లు, వాటి పక్కన ఒక్కొక్కటి 158 కిలోల బరువున్న పెద్ద గుండ్లు. పెద్ద గుండు చిన్నదాన్ని లాగే బలం చిన్న గుండు బరువులో 5 కోట్లవ వంతుకు మించదు. గదిలో మనిషి ఒంటి వేడి కూడా గాలిని కదిలించి లెక్క చెడగొడుతుంది. అందుకే పరికరాన్ని మూసిన గదిలో ఉంచి, తాను బయటి నుంచి దూరదర్శినితో చూస్తూ కొలిచారు. మనుషులతో సైతం కాస్త దూరం నుంచే వ్యవహరించిన వ్యక్తికి తగిన ప్రయోగమే. భూమి సాంద్రత నీటికి 5.48 రెట్లని 1798లో ప్రకటించారు. నేటి విలువ సుమారు 5.51. ఆయన గురుత్వ స్థిరాంకాన్ని కనుగొన్నారని పాఠాల్లో చెప్పడం పూర్తిగా సరి కాదు. ఆ రూపంలో ఆయన దాన్ని వెతకలేదు, తరువాతివారు ఆయన ఫలితం నుంచి రాబట్టారు. మరో విశేషం, అంత జాగ్రత్తపరుడూ సగటు తీయడంలో ఒక చిన్న కూడిక పొరపాటు చేశారు. తర్వాతి కాలంలో ఫ్రాన్సిస్ బెయిలీ దాన్ని పట్టుకున్నారు.

చిత్రకారుల ఎదుట కూర్చోవడానికి కావెండిష్ ఒప్పుకోలేదు. విలియం అలెగ్జాండర్ అనే చిత్రకారుడు విందులో ఆయన గమనించకుండా ముఖాన్ని, విడిగా వేలాడదీసిన కోటును, టోపీని గీసి రెండింటినీ కలిపారు. మనకు మిగిలిన ఏకైక రూపచిత్రం అదే. 1810 ఫిబ్రవరి 24న క్లాఫమ్ ఇంటిలో ఆయన మరణించారు. అంత్య ఘడియల్లో సేవకుణ్ని బయటికి పంపి ఒంటరిగా ఉన్నారని జీవితచరిత్రలు చెబుతున్నాయి. డర్బీలోని వంశ సమాధిలో ఖననం చేశారు. అప్పటికి ఆయన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో అత్యధిక వాటా ఉన్నవారు.

ఆస్తి కంటే విలువైనది కాగితాల కట్టల్లో ఉండిపోయింది. విద్యుత్తుపై ఆయన రెండు పత్రాలే ప్రచురించారు. మిగిలినవి అరలో పెట్టేశారు. తన పనిని తానే పరిపూర్ణమని నమ్మితే తప్ప బయటపెట్టకపోవడం ఒక కారణం కావచ్చు. ఎదురయ్యే ప్రశ్నలకు, వాదాలకు జవాబివ్వవలసి రావడం మరొకటి కావచ్చు. ఏదేమైనా నష్టం పెద్దదే. కేంబ్రిడ్జ్‌లో ఆ వంశపు ఏడో డెవన్‌షైర్ డ్యూక్ విరాళంతో 1874లో తెరుచుకున్న కావెండిష్ ప్రయోగశాలకు తొలి ఆచార్యుడు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్. డ్యూక్ అందించిన ఆ రాతప్రతులను ఆయన ఏళ్ల తరబడి చదివి, ప్రయోగాలను మళ్లీ చేసి, 1879లో గ్రంథంగా వెలువరించారు. విద్యుత్ ఆవేశాల మధ్య బలం దూరపు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుందని కూలుంబ్ కంటే పదేళ్లకు పైగా ముందే కావెండిష్ రుజువు చేసుకున్నట్లు అప్పుడు లోకానికి తెలిసింది. 1827లో ఓమ్ పేరిట వచ్చిన నియమాన్ని ఆయన 1781లోనే గుర్తించారు. విద్యుత్ ప్రవాహాన్ని కొలిచే సాధనం లేని కాలంలో తన చేతుల గుండా విద్యుత్తును పంపుకుని, దెబ్బ ఎంత గట్టిగా తగిలిందో పోల్చుకుంటూ సాధించిన ఫలితమది. మాక్స్‌వెల్ తన ప్రయోగశాలకు వచ్చినవారిపై కూడా ఆ పద్ధతిని పరీక్షించి చూశారు. పుస్తకం వెలువడిన కొద్ది రోజులకే ఆయన మరణించారు.

కావెండిష్ ప్రచురించిన పనిలోనూ ఒక బుడగ అలాగే మిగిలిపోయింది. 1785లో గాలిలోని నైట్రోజన్‌ను విద్యుత్ రవ్వలతో పూర్తిగా ఆమ్లంగా మార్చబోతే, మొత్తంలో 120వ వంతుకు మించని కొద్దిపాటి వాయువు ఎంతకీ లొంగలేదు. ఆయన దాన్ని వదిలేయక కొలిచి రాసి పెట్టారు. మాక్స్‌వెల్ తర్వాత అదే ప్రయోగశాలకు ఆచార్యుడైన లార్డ్ రేలీ, విలియం రామ్సేతో కలిసి 1894లో ఆ శేషాన్ని మళ్లీ పట్టుకున్నారు. దేనితోనూ కలవని ఆ వాయువుకు ఆర్గాన్ అని పేరు పెట్టారు.